అరువు టైర్లు

కృపానందం మేస్త్రికి కుదురుగా కూర్చోవడం రాదు. చర్చిలో ప్రసంగం సాగుతున్నా మోకాలు ఊగుతూనే ఉంటుంది. ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా లారీ ఇంజన్లు విప్పుతున్నాడు. ఆగి ఉన్న బండిని చూస్తే ఆయనకు ఊపిరాడదు. స్టార్ట్ చేయించి, చెవి పెట్టి, దాని లోపలి దగ్గు విన్నాకే మనసు నిలుస్తుంది.

ఆయన పనిచేసే షెడ్డులో ఏటా ఒక తంతు ఉంది. లారీని ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్లే ముందు రోజు ఓనరు దుర్గాప్రసాద్ ఎక్కడినుంచో మంచి టైర్లు అరువు తెస్తాడు. సర్టిఫికెట్ చేతికి రాగానే అవి విప్పించి, పాతవే మళ్లీ బిగించుకుంటాడు.

"చూశావా మేస్త్రీ, మన బండి పెళ్లికూతురైపోయింది!"

"ఒక్కరోజు పెళ్లికూతురండీ. రేపు నందిగామ దాటాక అరిగిన టైర్లతో మీ డ్రైవరే కాపురం చెయ్యాలి," అని నవ్వేవాడు కృపానందం.

తన ఒంటికీ అదే పని చేస్తున్నానని ఆయనకు తట్టలేదు.

షుగరు వచ్చి ఆరేళ్లు. మూడు నెలలకోసారి పరగడుపున రక్తం ఇవ్వాలి. ఆ తేదీకి మూడు రోజుల ముందు నుంచి రాగిజావ, బీరకాయ కూర, పొద్దున్నే బందరు కాలువ గట్టు మీద గబగబా నడక. రక్తం ఇచ్చి, సూది గాటు మీద దూది ఊడకముందే పూరీ, రెండు చెంచాల పంచదారతో టీ. మళ్లీ షెడ్డు, రోజుకు ఆరు టీలు, మధ్యాహ్నం గుట్టగా అన్నం. కాగితం మీద అంకె మాత్రం అందంగా ఉండేది. "బాగానే ఉంది, అదే మందు వాడండి," అనేది డాక్టరమ్మ. ఆ కాగితం జేబులో ఉంటే ఆయనకు ఒంట్లో రోగం లేనట్టే.

పోయిన ఏడాది డాక్టరమ్మ ఆయన్ని కళ్లు మూసుకోమని చెప్పి, కాలికి స్పర్శ ఉందో లేదో చూడటానికి సన్నటి నైలాన్ పోగుతో అరికాలిని అక్కడక్కడ తాకి, "తగిలిందా?" అని అడిగింది. ఆయన రెప్పల సందులోంచి చూస్తూ "తగిలిందమ్మా" అన్నాడు. ప్రతిసారీ.

మే నెలలో ఒక సాయంత్రం భార్య అమలమ్మ, ఆయన గుమ్మంలో విడిచిన చెప్పు చూసి ఆగిపోయింది.

"ఏవండీ, ఈ చెప్పు కాలిందేంటి?"

కాలు ఎత్తి చూస్తే బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు. పక్క షెడ్డులో వెల్డింగు రవ్వ ఎప్పుడు ఎగిరి పడిందో, ఎంతసేపు కాల్చిందో ఆయనకు తెలియదు.

"మంట పుట్టలేదూ?"

"లేదు."

"ఇంజన్ దగ్గితే పక్క వీధిలోంచి వింటారు. సొంత కాలు కాలుతుంటే వినపడలేదా?"

మూడు వారాలైనా పుండు మానలేదు. అంచులు నల్లబడ్డాయి. ఆయన షెడ్డులో కూర్చుంటాడు, లేస్తాడు, చెప్పు విప్పి చూస్తాడు, తొడుక్కుంటాడు, మళ్లీ విప్పుతాడు. లారీలు ఎండను తొక్కుకుంటూ వస్తున్నాయి, పోతున్నాయి. ఆయన చెవి వాటి మీద లేదు. కాలిని వింటున్నాడు. అది ఏమీ చెప్పడం లేదు.

ఈసారి డాక్టరమ్మ వేరే పరీక్ష రాసింది. రిపోర్టు వచ్చాక ఆయన ముందు పెట్టింది.

"పరగడుపు అంకె ఆ పూటది. ఇది గడిచిన రెండు మూడు నెలలది. మూడు రోజుల పథ్యానికి లొంగదు. ఏడు దగ్గర ఉండాల్సింది, తొమ్మిదిన్నర ఉంది. పాత కాగితాలు నమ్మి నేను మందు పెంచలేదు. ఈ వేలు నిలవాలంటే నాకు నిజం కావాలి కృపానందం గారూ."

మోకాలు ఊగుతోంది. అమలమ్మ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తోంది.

"అరువు టైర్లమ్మా," అన్నాడు చివరికి. డాక్టరమ్మకు అర్థం కాలేదు. లారీ సంగతి చెప్పాడు, రాగిజావ సంగతి చెప్పాడు, పూరీలతో సహా.

"మరి రోడ్డు మీద తిరిగింది ఏ టైర్లతో?"

"అరిగినవాటితోనే."

ఆమె మందు మార్చింది. రోజూ కట్టు, అరికాలిని అద్దంలో చూసుకోవడం, పుండు మానేదాకా ఆ కాలి మీద బరువు వేయకపోవడం, పంచదార లేని టీ, సగం అన్నం, సగం కూర. మూడు రోజులకు కాదు, అన్ని రోజులకూ. తర్వాత సొరుగులోంచి నైలాన్ పోగు తీసింది.

"కళ్లు మూసుకోండి."

"నేను చూస్తున్నాలెండి," అంది అమలమ్మ. "రెప్ప కదిలితే చెబుతాను."

చీకటి. ఊగబోయిన మోకాలి మీద అమలమ్మ చెయ్యి పడింది.

"తగిలిందా?"

"లేదమ్మా."

"ఇక్కడ?"

"లేదు."

చాలాసేపు ఏమీ లేదు. వర్షం ఆగిన ఊరిలా ఉంది కాలు. అప్పుడు మడమ దగ్గర ఎక్కడో, దూరంగా, చీమ నడిచినట్టు.

"ఆగండి," అన్నాడు. "అక్కడ. అక్కడ తగిలింది."