కారులో కరిగిన ముద్ర

మొన్న మార్చిలో పదో తరగతి పరీక్షల డ్యూటీ పడినప్పుడు, మధ్యాహ్నం జవాబు పత్రాలన్నీ కట్టకట్టి, తెల్ల గుడ్డలో పెట్టి కుట్టి, హెడ్మాస్టరు గదిలో కొవ్వొత్తి వెలిగించి ఆ కుట్ల మీద లక్క చుక్కలు వేస్తుంటే, వద్దనుకున్నా ఆ వాసన ముక్కులోకి వచ్చేసింది. కాస్త తీపిగా, కాస్త మాడుగా ఉంటుంది. చాలామందికి లక్క వాసన అంటే పోస్టాఫీసు గుర్తొస్తుందేమో గానీ నాకు మాత్రం మస్కట్ ఎండ, మా నాన్న తెల్ల కారు, పద్మనాభం అంకుల్ కళ్ళద్దాలు, ఆ మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. నాకు అనుమానం పాలు ఎక్కువ, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఎందుకు నవ్వారా అని ఓ పూట ఆలోచిస్తాను. ఈ రోగం నాకు పుట్టుకతో రాలేదు, మస్కట్‌లో మేముండే పేట వాడి కబీర్‌లో ఎనిమిదో తరగతి చదువుతుండగా అంటుకుంది.

రెండువేల దశకం చివరి రోజులవి. కాకినాడ నుంచి వెళ్ళిన మా నాన్న అక్కడ ఓ కంపెనీలో స్పేర్ పార్టుల స్టోరు చూసేవాడు. మా ఫ్లాటు కింద వరసగా వర్క్‌షాపులు, వెల్డింగు మెరుపులు, పెయింటు వాసన, కాలిన రబ్బరు వాసన. పైన మూడో అంతస్తు కిటికీ తీస్తే ఒక్క పచ్చటి ఆకు కూడా మొలవని గోధుమరంగు రాళ్ళ కొండలు. సాయంత్రం ఎండ కొండ వెనక్కి జారాక మేమంతా కార్లు ఆపే చోట చేరి, ఎవరో ఇల్లు బాగుచేసుకుంటూ పారేసిన టైల్సు ముక్కలు ఏరుకుని ఏడుపెంకులాట ఆడేవాళ్ళం. బంతి కారుకు తగిలిందంటే పైనుంచి నాలుగు భాషల్లో తిట్లు వచ్చేవి. ఉగాదికి వేపపువ్వు కోసం రోడ్డు పక్కన నాటిన వేపచెట్ల కింద అమ్మా నేనూ పొద్దున్నే దొంగల్లా తిరిగేవాళ్ళం. గురువారం, శుక్రవారం సెలవులు; గురువారం సాయంత్రం మత్రా బజారుకు వెళ్తే సాంబ్రాణి పొగ, ఏలకుల వాసన, ఓమాన్ హల్వా కలిపే పెద్ద రాగి గంగాళాలు. అమ్మ బేరం మొదలుపెట్టగానే నాన్న నాలుగడుగులు వెనక్కి వేసి సముద్రాన్ని చూస్తున్నట్టు నటించేవాడు.

మేం చదివిన ఇండియన్ స్కూలుకు పిల్లల తల్లిదండ్రులే ఎన్నుకునే ఒక మేనేజింగ్ కమిటీ ఉండేది. బస్సుల కాంట్రాక్టు ఎవరికివ్వాలి, యూనిఫాం గుడ్డ ఎక్కడ కొనాలి, క్యాంటీన్ సమోసాలో ఏ నూనె వాడుతున్నారు, పాడైన ఏసీలు ఎప్పుడు బాగుచేయించాలి, పరీక్ష పేపర్లు ఎవరు తయారుచెయ్యాలి, అన్నీ వాళ్ళే తేల్చేవారు. ఎన్నికలప్పుడు మన ఊళ్ళో పంచాయతీ ఎన్నికలు ఏం పనికొస్తాయి! తెలుగువాళ్ళ ఓట్లు ఎటు, మలయాళీల ఓట్లు ఎటు అని ఒకటే లెక్కలు. ఆ ఏడు మా నాన్న నిలబడి గెలిచాడు. గెలిచిన వారం నుంచి మా ఇంట్లో గురువారం సాయంత్రాలు కమిటీ వాళ్ళతో నిండిపోయాయి. పాలు లేని సులేమానీ టీ తాగుతూ, అమ్మ వేసిన పకోడీలు తింటూ, యూనిఫాం గుడ్డ అమ్మేవాడు ఎవరి బావమరిది, బస్సుల వాడు ఎవరింటికి మామిడిపళ్ళ పెట్టె పంపాడు అని గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. గొంతు తగ్గిస్తే పిల్లల చెవులు ఇంకా పెద్దవవుతాయని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు పాపం.

ఆ కమిటీలో పరీక్షల సంగతి చూసేది పద్మనాభం అంకుల్. కడప మనిషి, ఓ బ్యాంకులో ఆడిటరు, పకోడీని కూడా రెండు వైపులా తిప్పి చూసి గానీ నోట్లో వేసుకునేవాడు కాదు. ఆయన కూతురు సుహాసిని నా క్లాసే. ఒకసారి అది ఫస్టు వస్తే ఒకసారి నేను వచ్చేదాన్ని. అంతకుముందు ఏడాది ఏదో క్లాసు పేపరు ట్యూషన్లో ముందే తెలిసిపోయిందని గొడవ జరిగిందట. అందుకని ఆయన కొత్త పద్ధతి పెట్టించాడు. పేపర్లు మస్కట్‌లోనే రువి పేటలో అచ్చు వేయించి, కవర్లో పెట్టి, కమిటీ వాళ్ళ ముందు లక్క పోసి, స్కూలు పేరున్న ఇత్తడి ముద్ర గుద్ది, పరీక్ష రోజు దాకా ఒక సభ్యుడి దగ్గర ఉంచాలి. ఆ లక్క కూడా ఆయన సెలవుకు వెళ్ళినప్పుడు కడప నుంచి తెచ్చినదే. వంతులవారీగా చూసుకోవాలి. మే నెలలో ఎనిమిదో తరగతి లెక్కల పేపరు వచ్చేసరికి వంతు మా నాన్నది అయింది.

మా నాన్న సంగతి ఏం చెప్పను! ఆ కట్టను ఇంట్లోకే తేలేదు. గురువారం మధ్యాహ్నం రువి నుంచి తెచ్చి కారులోనే ఉంచాడు. డిక్కీ తాళం సరిగ్గా పడదని వెనక సీటు పైన, అద్దం కింద ఉండే అరలో పెట్టి, పైన తుండుగుడ్డ కప్పి, "ఆఫీసు కాగితాలు, చెయ్యి పెట్టకు" అని నాకు గట్టిగా చెప్పాడు. ఆ రాత్రి రెండు మూడుసార్లు కుక్కను చూడ్డానికి వెళ్తున్నట్టు కిందకు వెళ్ళి కారు చూసొచ్చాడు. మాకు కుక్క లేదు. అప్పుడే నాకు ఏదో తేడాగా ఉందనిపించింది.

శుక్రవారం గంట ప్రయాణంలో ఉన్న బర్కా ఊరికి వెళ్ళాం. అక్కడ ఖర్జూరం తోటలో పనిచేసే గంగన్న మామ, జగిత్యాల వైపు మనిషి, నాన్నకు ఏళ్ళ నుంచి స్నేహితుడు, ఎప్పటినుంచో రమ్మంటున్నాడు. అమ్మ పులిహోర, గుత్తివంకాయ కూర కట్టుకొచ్చింది. తోటంతా కాలువల్లో పారే నీళ్ళ చప్పుడు, ఖర్జూరపు గెలలకు సంచులు కట్టి ఉన్న చెట్లు, మేకల వాసన. గంగన్న మామ చెట్ల కింద చోటు చూపించి "ఈడ వెట్టు సారూ, సల్లగుంటది" అన్నాడు. నాన్న వినలేదు. కారు తెచ్చి రేకుల పాకకు ఎదురుగా, నడి ఎండలో ఆపాడు.

"ఏవండీ, చెట్ల కింద పెట్టొచ్చు కదా, సీట్లు మాడిపోతాయి" అంది అమ్మ.

"ఇక్కడైతే కళ్ళ ముందుంటాది, ఊరుకో" అన్నాడు నాన్న.

అన్నం తింటున్నంతసేపూ ఆయన చూపు కారు మీదే. తిన్నాక నన్ను కూర్చోబెట్టి, మర్నాడు పరీక్ష కదా అని లెక్కలు చెప్పాడు; ట్యాంకులోకి నీళ్ళు పోసే పంపు, ఖాళీ చేసే పంపు, రెండూ తెరిస్తే ఎంతసేపట్లో నిండుతుంది, అలాంటివి. సాయంత్రం తిరిగి వస్తుంటే కారంతా ఒక వింత వాసన, తీపిగా, మాడుగా. పులిహోర గిన్నె ఒలికిందేమోనని అమ్మ సంచులన్నీ వెతికింది. నాన్నకు వాసన తగిలినట్టే లేదు. అప్పట్లో ఆయనకు జలుబు.

శనివారం పొద్దున పెన్నులు సిద్ధం చేసుకుని కూర్చున్నాం. పేపరు రాలేదు. గంట కొట్టారు, ఇంకా రాలేదు. చివరికి టీచరొచ్చి అందర్నీ లైబ్రరీకి పొమ్మంది. మధ్యాహ్నానికి సంగతి బస్సుల దాకా పాకింది. నాన్న పొద్దున్నే తుండుగుడ్డతో సహా అప్పగించిన కట్టను ప్రిన్సిపాల్ గదిలో విప్పబోతే, ముద్రల్లో స్కూలు పేరు లేదట. లక్క కరిగి, పారి, చదునుగా అంటుకుపోయి, కవరు అంచు పైకి లేచి ఉందట. పేపరు ఎవరి దగ్గరుంది? నాన్న దగ్గర. ఆయన కూతురు ఏ క్లాసు? ఇంకేముంది! సుహాసిని బస్సులో నా పక్కన కూర్చునేది, ఆ రోజు సంచీ తీసుకుని ముందు సీటుకు వెళ్ళిపోయింది.

నాకు మాత్రం ఏడుపు కన్నా ముందు భయం వేసింది. బర్కాలో ఆ ట్యాంకు లెక్కలు ఎందుకు చెప్పాడు? అద్దం కింద ఉన్నవి ఆఫీసు కాగితాలని ఎందుకన్నాడు? రాత్రి కిందకు ఎందుకు వెళ్ళాడు? నా తండ్రిని నేనే అనుమానించాను. ఎంత తోసేసినా ఆ ఆలోచన పోలేదు.

ఆ మధ్యాహ్నమే కమిటీ కూర్చుంది. అక్కడ జరిగింది తర్వాత నాన్న అమ్మకు చెబుతుంటే విన్నాను. నేను ఇంట్లో పెట్టలేదు, కారులో పెట్టాను, ఎండకు కరిగింది అని నాన్న అంటే ఎవరూ నమ్మలేదట. సరే, ఇంకో కవరుకు లక్క వేసి నా కారులోనే పెట్టండి, మీరే తాళం వెయ్యండి అన్నాడట. ఆ భాగం నేనూ చూశాను. బస్సుల వరసలో నిలబడి ఉంటే, స్కూలు ముందు మా తెల్ల కారు ఒంటరిగా ఎండలో ఉంది. పెద్దపెద్ద ఉద్యోగాలు చేసే మనుషులు చెమటలు తుడుచుకుంటూ వరండాలో నిలబడి దాన్ని కాపలా కాస్తున్నారు. మా బస్సు కదిలేసరికి వాళ్ళింకా అలాగే ఉన్నారు. కారు తలుపు తియ్యగానే లక్క బెల్లం పాకంలా జారిందట. నాన్న హమ్మయ్య అనుకున్నాడట.

పద్మనాభం అంకుల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "కరిగింది సరేనప్పా. కరిగినాక ఎవురూ తెరిచి సూడలేదని నువ్వెట్ల చెప్తావు?" అన్నాడట.

దానికి ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. నేను లెక్కల టీచర్ని, ఆలోచించి చెబుతున్నాను.

మళ్ళీ కొత్త పేపరుతో పరీక్ష పెట్టారు. నా మూలంగా రెండోసారి చదవాల్సి వచ్చిందని క్లాసంతా నన్ను తిట్టుకుంది. వాళ్ళంతా హాల్లో, నేనొక్కదాన్నే ప్రిన్సిపాల్ గదిలో. ఎదురుగా కుర్చీలో పద్మనాభం అంకుల్. ఏసీ చప్పుడు తప్ప ఏం లేదు. నేను నీళ్ళసీసా మూత తీస్తే ఆయన మూతలోకి కూడా చూశాడు. పేపరంతా వచ్చు. చివరి లెక్క, సరిగ్గా ట్యాంకు లెక్క! ఇది కూడా రాసేస్తే నూటికి నూరు వస్తాయి, వస్తే మళ్ళీ మా నాన్నే తెచ్చిచ్చాడంటారు, ఈసారి ఆయన మాట ఎవరూ వినరు. అందుకని తియ్యాల్సిన చోట కలిపాను. ట్యాంకు నిండాల్సిన దానికన్నా చాలా ముందే నిండిపోయింది. బరువు దిగినట్టయి, పేపరిచ్చి బయటికొచ్చాను.

సుహాసిని ఫస్టు వచ్చింది. ఆ వారమే ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి తెలుగువాళ్ళంతా చేరితే, ప్రసాదం తింటూ పద్మనాభం అంకుల్ అందరి ముందూ అననే అన్నాడు: "సూసినారా, కాపలా పెడితే మార్కులు ఎట్ల తగ్గినాయో!"

కొందరు నవ్వారు. మా నాన్న నవ్వలేదు. చేతిలో ప్రసాదం అలాగే పట్టుకుని నిలబడ్డాడు, నావైపు కూడా చూడలేదు. నేను చేసిందే ఆయన మెడకు చుట్టుకుందని నాకు అప్పుడు తెలిసింది. ఒళ్ళు మండి అక్కడికక్కడే అరవాలనిపించింది.

ఇంటికి రాగానే నాన్న దిద్ది ఇచ్చిన నా జవాబు పత్రం తీయించి, తప్పిన ట్యాంకు లెక్కను దాని అంచు మీద మళ్ళీ చెయ్యమన్నాడు. చిటికెలో చేసి చూపించాను.

"వచ్చు కదే నీకు. ఎందుకే?"

"మొత్తం రాస్తే మళ్ళీ మిమ్మల్నే అంటారుగా నాన్నా."

ఆయన మంచం అంచున కూర్చుండిపోయాడు. "నేనూ అందుకేనే కారులో పెట్టింది. నువ్వున్న ఇంట్లో ఆ పేపరు అడుగు కూడా పెట్టలేదని దేవుడి ముందైనా చెప్పగలగాలని. నిన్ను నమ్మక కాదమ్మా" అన్నాడు.

"బాగుంది సంబడం! అనుమానం రాకూడదని తండ్రి ఒకటి చేస్తే కూతురు ఇంకోటి చేసింది. ఇద్దరూ కలిసి వాళ్ళకి విందు చేశారు" అని అమ్మ వంటింట్లోంచి అరిచి, అరుస్తూనే ఏడ్చింది. మేమిద్దరం నవ్వబోయి ఏడ్చాం. మళ్ళీ ఎన్నికల్లో నాన్న నిలబడలేదు. గురువారం పకోడీలు ఆగిపోయాయి.

ఇప్పుడక్కడ గురువారం సెలవే లేదట, శుక్ర శనివారాలకు మారింది. పేపర్లు పరీక్షకు కాసేపు ముందు కంప్యూటర్లోకి వస్తాయట, లక్క లేదు, ఇత్తడి ముద్ర లేదు. కార్లకు నీడ షెడ్లు వేశారని అక్కడే స్థిరపడిన సుహాసిని ఫోన్లో చెప్పింది. మేం ఇప్పుడు మాట్లాడుకుంటాం, ఆ పరీక్ష సంగతి తప్ప అన్నీ. ఆ మొదటి పేపరు చించేశారు కాబట్టి అందులో ట్యాంకు లెక్క ఉందో లేదో నాకు తెలియనే లేదు. నాన్నను ఎన్నడూ అడగలేదు. అడిగితే, అడిగానన్న మాట ఆయనకు మిగిలిపోతుంది.

మొన్న హెడ్మాస్టరు గదిలో ముద్రలు ఆరాయి. కట్టలు మోసుకెళ్ళి పోస్టాఫీసుకు పోయే ఆటోలో పెట్టారు. డ్రైవరు అన్నం తినొస్తానన్నాడు. ఆటో మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉంది.

"బాబూ, ఆటో నీడలోకి తియ్యి" అన్నాను.

పర్యవేక్షణకు వచ్చిన అధికారి కళ్ళద్దాలు పైకి నెట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "మీకెందుకు మేడమ్ ఆ కట్టల మీద అంత శ్రద్ధ? మీవాళ్ళ పిల్లలెవరైనా రాస్తున్నారా?"

లేరండీ అని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆటో మాత్రం నీడలోకి వెళ్ళేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.