పెట్టెల్లో గోంగూర

వరండాలో నల్లరంగు ఇంకా ఆరలేదు. పాప నిద్రపోయింది, ఇల్లు సద్దుమణిగింది కానీ ఆ వాసన మాత్రం తలుపు సందులోంచి వస్తూనే ఉంది. మాకు మళ్ళీ పోస్టింగ్ వచ్చింది. ఆయన సాయంత్రమంతా కూర్చుని కొత్త చెక్కపెట్టెలకు రంగు వేశారు. ఆరాక వాటి మీద తెల్ల అక్షరాలతో తన పేరు రాస్తారు. ఊళ్ళు మారే ఫౌజీ ఇళ్ళన్నిటిలోనూ ఇదే వాసన. నాకు మాత్రం దానితోపాటు ఓబులమ్మక్క గుర్తొస్తుంది, ఆమె వెనకే పుల్లటి గోంగూర.

మూడేళ్ళ క్రితం, ఎండాకాలం మొదట్లో, ఢిల్లీ కంటోన్మెంటులోని ఈ క్వార్టరుకి వచ్చేనాటికి పాపకి నాలుగు నెలలు. వయసుకు తగ్గ బరువు లేదు. నాకు ఎండంటే భయం, దుమ్మంటే భయం, కాచిన నీళ్ళను మళ్ళీ కాచేదాన్ని. సామాను పెట్టెల్లో రెండే విప్పాను. రేపో మాపో ఇంకెక్కడికో పొమ్మంటే పసిదానితో మళ్ళీ సర్దడం నావల్ల కాదని, మిగిలినవి తాళాలతోనే గోడవారగా పేర్చి, వాటి మధ్య చాప వేసుకుని పడుకునేవాళ్ళం.

పక్క క్వార్టరు ఓబులమ్మక్కది. కడప జిల్లా మనిషి, సుబేదారు గారి భార్య. మొదటిసారి ఆమె బాల్కనీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. మేము తాళాలు వేసి దాచుకున్నలాంటివే నల్ల పెట్టెలు, సుబేదారు గారి పేరుతో సహా, నిండా మట్టితో ఉన్నాయి. ఆ పేరు మీదికి లేత గోంగూర వాలి ఉంది. పాడైన కూలరు డబ్బాలోంచి బచ్చలి పాకి యాంటెన్నా కడ్డీని పట్టుకుంది. అరిగిపోయిన ఫౌజీ బూటులో పుదీనా.

“పెట్టెల్లో మట్టి పోస్తే ఎలా అక్కా? పోస్టింగ్ వస్తే సామాను ఎందులో వేస్తారు?” అన్నాను.

“గోనెసంచుల్లో. మీ బావను గూడా ఒగ సంచిలో ఏసి మూతి కట్టేస్తా.”

“గాలికి ఒగ చిల్లు పెట్టు,” అన్నారు లోపలినుంచి సుబేదారు గారు.

“ఆయన చెప్పింది నిజమే అమ్మీ, పెట్టెకైనా అడుగున చిల్లులు ఉండాల్సిందే. లేకుంటే నీళ్ళు నిలిచి మొక్క యేరు కుళ్ళిపోతాది.”

తరవాత మా గదిలోకి తొంగిచూసి, “ఇంట్లో ఉండావా, రైలు ప్లాట్‌ఫారం మీద ఉండావా?” అంది. నాకు చివుక్కుమంది. పాపను కాసేపు పొద్దుటి ఎండలో ఒళ్ళో కూర్చోబెట్టుకోమంటే, దుమ్మెక్కువని అన్నాను. “ముందు నువ్వు ఇంట్లో కూచో. బిడ్డ ఎండలో కూచుంటాది,” అంది.

వానలు పడి గోంగూర ఏపుగా ఎదిగిన రోజుల్లో పోస్టింగ్ వాళ్ళకే వచ్చింది. మట్టి దిమ్మరించి పెట్టెలు కడుక్కుంటారనుకున్నాను. అక్క పొద్దున్నే వచ్చి పాపను చంకనేసుకుని, “నీ పెట్టెలు నాకియ్యి, నావి నువ్వు తీసుకో,” అంది.

“మరి మాకు పోస్టింగ్ వస్తే?”

“కొత్తవి చేపించుకో. ఇంత ఆకును ఎట్ల పెరకమంటావు?”

తాళంచెవులు వెతికి తెచ్చాను. పాప ఆమె భుజం మీంచి గోంగూరాకు నలుపుతూ నావైపు చూస్తోంది. తాళాలు తీశాను. మధ్యాహ్నానికల్లా అరలో ఇత్తడి గిన్నెలు చేరాయి, కిటికీకి అమ్మ కుట్టిచ్చిన పరదా వేలాడింది. డ్యూటీ నుంచి వచ్చిన ఆయన గుమ్మంలో ఆగి, “మన ఇల్లేనా?” అన్నారు. ఆయన పేరున్న పెట్టెల్లో ఓబులమ్మక్క సంసారం లారీ ఎక్కింది. సుబేదారు గారి పేరున్నవి మా బాల్కనీకి వచ్చాయి.

మొక్కలకు నీళ్ళు పోయాలి కనుక రోజూ ఎండలోకి వెళ్ళక తప్పలేదు, పాపను వదిలి వెళ్ళలేను కనుక తనూ వచ్చేది. ఒకటి రెండుసార్లు మట్టి తింది కూడా. ఏమీ కాలేదు. దసరా నాటికి ఆ పెట్టె అంచు పట్టుకునే లేచి నిలబడింది. బరువు ఎప్పుడు పెరిగిందో నేను గమనించనే లేదు.

వెళ్ళబోయే ఊళ్ళో నీళ్ళు పాపకి పడతాయో లేదో అని ఇప్పుడూ భయమే. పాత పెట్టెలను గోంగూరతో సహా ఈ ఇంట్లోకి వచ్చేవాళ్ళకి వదిలేస్తున్నాను.

ఇందాక రంగు వేస్తూ ఆయన ఒక కొత్త పెట్టెను తిరగేసి ఆగారు. “దీని అడుగున ఈ చిల్లులేమిటి? వడ్రంగి పాడుచేశాడా?”

“నేనే పెట్టమన్నాను.”

ఆయన చిల్లులు మూసుకుపోకుండా, కుంచె అంచుతో చుట్టూ రంగు వేశారు.