ఎండకు పెట్టిన ముఖం

మా ప్రింట్ ఉస్తాద్ పోయారు. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి నేను ఇక్కడ గల్ఫ్‌లో, రోలాలోని మా ఫోటో ప్రింటింగ్ షాపులో ఆ రోజు లెక్క రాస్తున్నాను. గుండెపోటు అన్నారు. నాకు ఏడుపు రాలేదు. మర్నాటికి కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

ఆయనది జగిత్యాల వైపు. నలుపు తెలుపు ఫోటోలకు కాగితం ఎంచడంలో ఎవరి మాటా వినేవారు కాదు. కొత్త కాగితం వస్తే మూలను పెదవికి ఆనించేవారు. అంటుకున్న వైపే ఇంకు పట్టే పూత ఉన్నట్టు. కరోనా రోజుల్లోనూ మాస్కు కిందికి లాగి అదే పని. నేను విసుక్కుంటే, "నువ్వు పేజీ తిప్పేతందుకు వేలు నాకుతలేవా, లెక్కల సారూ?" అనేవారు.

ఆ తర్వాత అరచేయంత ముక్క మీద తన ముఖమే ప్రింటు తీసి చూసుకునేవారు. ఏ కాగితం వచ్చినా అదే ఫోటో. "మనోళ్ల మొహం నల్లగుంటది, చీకటిగుండదు. ఆ ఫరక్ సూపియ్యని కాగితం మనకొద్దు."

మెరిసే గ్లాసీ కాగితం మీద నలుపు చిక్కగా వస్తుంది కదా అని ఒకసారి అన్నాను.

"వస్తది. లైటు వడ్డదంటే లైటే కనవడ్తది, మనిషి కనవడడు."

ఆయన మెచ్చింది మెరుపు లేని కాటన్ కాగితం. మరీ తెల్లగా ఉండాలని మందు కలిపిన కాగితాలు ఎండకు పసుపెక్కుతాయి. అందుకే ప్రతి రకం మీద తీసిన ముక్క ఒకటి సగం అట్టతో కప్పి, కిటికీ అద్దానికి అంటించి నెలల తరబడి చూసేవారు.

ఆయన పోయిన మర్నాడే మా ముదీర్, అంటే మేనేజరు, ఆయన ఆ ముక్కలు దాచుకునే డ్రాయరు ఖాళీ చేయించాడు. ముక్కలన్నీ చెత్తలోకి పోయాయి. కంప్యూటర్లో ఆయన ఫైళ్లు తుడిచేశారు. శవపేటికతో ఇంటికి పంపడానికని వీసా ఫోటోను పెద్దది చేసి, ముఖం తెల్లబరిచి, గ్లాసీ మీద రంగుల్లో కొట్టించాడు.

"గోరా కర్ దియా. అచ్ఛా హై నా?" అన్నాడు నాతో.

ఏళ్ల తరబడి ఆ ముఖానికి ఎదురుగా కూర్చున్న మనిషి అన్న మాట అది.

ఫోటోను ఉస్తాద్ భార్యకు ఫోనులో పంపాను. వెంటనే ఫోను చేసింది.

"తమ్మీ, గీయనెవలు? గోడకు మా ఆయనను వెట్టుకుంట గని ఎవలనో వెట్టుకుంటనా? మంచిదొక్కటన్న లేదా?"

ముదీర్ దగ్గర నేను గొంతు పెంచింది అదే మొదటిసారి. ఇది పంపడానికి వీల్లేదన్నాను. "ఖలాస్, భాయ్! ఇంకో ఫోటో ఎక్కడుంది?" అన్నాడు.

అప్పుడు కిటికీ గుర్తొచ్చింది. లోపలివైపు ఆఫర్ల పోస్టరు చింపేస్తే దాని వెనక అద్దానికి రెండు ముక్కలు మిగిలి ఉన్నాయి. అట్టలు తీశాను. ఒకదానిలో ముఖం సగానికి పసుపెక్కింది. రెండోది కాటన్ కాగితం. ఎంత వెతికినా గీత దొరకలేదు. ఏ సగం ఎండలో ఉందో, ఏ సగం నీడలో ఉందో తెలియలేదు. దాన్ని ఫోటో తీసి ఉస్తాద్ భార్యకు పంపాను.

"ఆఁ, గీయనే," అంది ఆమె.

ఆ ముక్క పేటికతో వెళ్లింది. రంగుల ఫోటోను ముదీర్ నా కౌంటరుకు ఎదురుగా గోడకు తగిలించి దండ వేయించాడు. పొద్దున షాపు తెరిచి ట్యూబ్‌లైటు వేస్తాను. దండ మధ్యలో తెల్లటి లైటు ఒక్కటే కనిపిస్తుంది.