బాత్రూం తలుపుకు గొళ్ళెం

మా అవ్వకు పాదాల కింద నేల తెలియడం లేదన్న సంగతి ముఖానికి రాసుకున్న సబ్బు వల్ల బయటపడింది.

2011 వానాకాలం. అవ్వ ఎల్లారెడ్డిలో మా అన్న దగ్గర ఉండేది. పెరట్లోని బాత్రూంలో ముఖం కడుక్కుంటూ పడిపోయింది. లోపల గొళ్ళెం పెట్టుకుంది కాబట్టి అన్న తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. నేను కామారెడ్డి నుంచి వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని తలుపు గురించే మాట్లాడుతోంది.

"మంచి తలుపు ఆగం జేసిండు మీ అన్న."

"తలుపు సంగతి తర్వాత. ఎట్ల వడ్డవే అవ్వా? కండ్లు తిరిగినయా?"

"తిరగలే బిడ్డా. సబ్బు వెట్టుకొని కండ్లు మూసిన. కింద నేల గుంజుకున్నట్టయింది."

అన్న కొత్త తలుపు పెట్టించాడు. దానికి గొళ్ళెం లేదు. అవ్వ లోపలికి వెళితే వదిన బయట నిలబడాలని ఇంట్లో తీర్మానం జరిగింది. పడ్డప్పటి నడుము నొప్పి అవ్వ ఓర్చుకుంది కానీ ఈ కాపలా ఓర్చుకోలేదు. బాత్రూంకు పోవలసి వస్తుందని నీళ్ళు తాగడమే తగ్గించింది.

మొదట చూసిన డాక్టరు అరికాళ్ళ మీద దూదితో రాసి "తెలుస్తుందా?" అని అడిగాడు. "తెలుస్తున్నది సారూ" అంది అవ్వ. వయసు కదా, కళ్ళు తిరుగుతాయని మాత్రలు రాశాడు.

"కళ్ళు తిరగలేదని ఆమే చెప్తోంది కదండీ" అన్నాను.

"మీరు డాక్టరా?"

"కాదు, జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్తాను. తప్పు జవాబు చెప్పేవాళ్ళ మాట కూడా చివరిదాకా వింటాను."

మాత్రలు వాడుతుండగానే నల్లా దగ్గర ముఖం కడుక్కుంటూ మళ్ళీ పడింది. ఈసారి కామారెడ్డికి, మా ఇంటికి తెచ్చుకున్నాను. ఇక్కడి డాక్టరు రెండు పాదాలు దగ్గర పెట్టించి కళ్ళు మూసుకోమన్నాడు. అవ్వ ఊగి నా మీద ఒరిగింది. తర్వాత ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి మీద పెట్టి, అదురు తెలుస్తుందా అన్నాడు.

"తెలుస్తున్నది సారూ."

"అవ్వా, నేను దాన్ని ఎప్పుడో ఆపేసిన. ఎట్ల తెలుస్తున్నది?"

అవ్వ నా వైపు చూసింది. "పెద్ద సారు గంతగనం వంగి అడుగవట్టె. తెల్వది అంటె ఏం బాగుంటది?"

మా ఇళ్ళల్లో అంతే. చుట్టాలింట్లో అన్నం సరిపోయిందా అంటే కడుపు కాలుతున్నా సరిపోయిందనే అంటాం. రెండు నెలలు ఆ మర్యాదకు మందులు వాడాం.

షుగర్ ఎక్కువ, బీ12 తక్కువ అని తేలింది. హైదరాబాదులో నర్వ్ కండక్షన్ టెస్టు చేసి పెరిఫెరల్ న్యూరోపతీ అనే నరాల జబ్బన్నారు. "కాళ్ళ నుంచి మెదడుకు కబురు సరిగ్గా పోవట్లేదమ్మా. ఇన్నాళ్ళూ కళ్ళతో చూసుకుంటూ నిలబడింది. అడుగు వేయడానికే బుర్రంతా పెడుతోంది, అందుకే నడుస్తూ మాట్లాడలేకపోతోంది" అన్నాడు డాక్టరు. నేను తలూపాను. భయం వేయలేదు, ఏడుపూ రాలేదు. తిరిగొచ్చే బస్సులో పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను.

ఇంజెక్షన్లతో పాటు ఫిజియోథెరపీ మొదలైంది. సెన్సరీ ట్రైనింగ్ అన్నారు. గోడ పట్టుకుని కళ్ళు మూసుకుని ఇసుక మీద, గోనెసంచి మీద, కడిగిన కంకర మీద నిలబడి అదేమిటో చెప్పాలి. సంచిలో చెయ్యి పెట్టి చింతగింజ ఏదో గుండీ ఏదో చెప్పాలి. నడుస్తూ ఎల్లారెడ్డి బస్సు ఆగే ఊళ్ళు వెనక నుంచి ముందుకు చెప్పాలి.

"లింగంపేట..." అని ఆగిపోయేది.

"అవ్వా, ఆగొద్దు, నడువు."

"బస్సు ఆగుతది గని నేను ఆగొద్దా?"

పాదాల కింద ఏముందో తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పేసేది. "తెలియకపోతే తెలియదనండి, అదీ జవాబే" అని ఫిజియోథెరపిస్టు బతిమాలేది. నేను బతిమాలలేదు. "నీ మర్యాద చెప్పులకాడ ఇడిసి రా" అన్నాను.

దసరాకు అవ్వ ఎల్లారెడ్డి పోయింది. కాళ్ళ తిమ్మిరికి వేడి ఇటుకతో కాపడం మంచిదని ఎవరో చెప్తే అన్న బట్ట చుట్టి పెట్టాడు. అరికాలు బొబ్బలెక్కి పుండు పడింది.

"కాలుతున్నదా అని అడిగిన చెల్లె. లే అన్నది."

"అన్నా, ఆమెకు కాలితే తెల్వకనే గదా గింత తిప్పలు!"

ఆ ఒక్కసారి అవ్వ నిజమే చెప్పింది. పుండు మానేదాకా డాక్టరు కాలు కింద పెట్టనివ్వలేదు. నడక మొత్తం వెనక్కి పోయింది. మళ్ళీ మా ఇంటికి తెచ్చుకుని, నేను రోజూ డ్రెస్సింగ్ చేసి, చేతులు కడుక్కుని, కాలేజీకి పోయేదాన్ని. ఎట్లున్నది అని ఎవరైనా అడిగితే బాగానే ఉన్నదనేదాన్ని.

మరుసటి ఏడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఒకరోజు కళ్ళు మూసుకుని నిలబడి "గోనె..." అని, పాదం రుద్ది చూసి, "కాదు. నాకు తెల్వది" అంది. ఫిజియోథెరపిస్టు చప్పట్లు కొట్టింది. "తెల్వదంటే గూడ సంబురమేనా?" అని అవ్వ కళ్ళు తెరిచింది. ఆ రోజు నుంచి ఆమె చెప్పే జవాబులు నమ్మగలిగాం. మెల్లమెల్లగా ఇసుకకూ కంకరకూ తేడా తెలిసింది. బస్సు ఊళ్ళు వెనక నుంచి చెప్తూ వాకిలి దాటడం వచ్చింది. "పోయిన నరాలు అన్నీ రావు. ఉన్నవాటితో పని చేయించుకోవడం నేర్చుకుంది" అన్నాడు డాక్టరు.

ఇప్పుడు 2014. అవ్వ మళ్ళీ ఎల్లారెడ్డిలోనే ఉంది. ముఖం స్టూలు మీద కూర్చునే కడుక్కుంటుంది. అరికాళ్ళు వదిన రోజూ చూస్తుంది. పోయిన నెల అన్నతో గొడవపడి నేనే వడ్రంగిని పిలిపించాను. బయట నుంచి కూడా తీయడానికి వీలుండే గొళ్ళెం పెట్టించాను. అవ్వ చెంబు పట్టుకుని లోపలికి పోయి గొళ్ళెం వేసుకుంది. వదిన అలవాటు కొద్దీ తలుపు దగ్గర నిలబడింది.

"ఇంక ఆడ్నే ఉన్నవా? పో, నీ పని జూస్కో పో" అని లోపల నుంచి కసిరింది అవ్వ.

ముసలివాళ్ళను చూసుకునేవాళ్ళకు ఒక్క మాట చెప్తాను. వాళ్ళ కాలు ముట్టి "తెలుస్తుందా?" అని అడగకండి, అవునంటారు. "ఏం తెలుస్తోంది?" అని అడగండి.