నడుమ కాలని బన్ను

ఏ వస్తువునైనా రెండుగా విరిచి నడుమ ఏముందో చూస్తే తప్ప సగం సారుకి మనశ్శాంతి ఉండదు. రసాయనాల ఫ్యాక్టరీ ల్యాబులో ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. కనిపించిన సుద్దముక్కనల్లా విరుస్తారు. చేతులు కడుక్కునే సబ్బుని బ్లేడుతో కోస్తారు. ఒక ఆదివారం ఇంట్లో కొత్త దిండుకి దూది నడిమిదాకా చేరిందో లేదోనని కత్తెర అందుకున్నారట. సాయంత్రం దాకా వాళ్ళావిడ ఇల్లంతా దూది ఏరుతూనే ఉంది.

ఏం విరిచినా తీర్పు ఒక్కటే. "లోపలిదాకా చేరలేదు."

కొత్తగా చేరిన కెమిస్టమ్మాయికి ఈయన సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో ఆమె లేదు. ఒక గ్యాసుని ఇంకో గ్యాసుగా మార్చే ఉత్ప్రేరకం ఆమె తయారుచేసింది. పొడిగా ఉన్నప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది. అదే పొడిని బఠాణీ గింజంత గుళికలుగా ఒత్తి గ్యాసు పారే గొట్టంలో నింపితే మూడో వంతు పని కూడా చెయ్యనంటోంది. తొమ్మిది రోజులుగా ఇదే వరస. ఆర్నెల్ల ట్రయల్ మీద ఉన్న ఉద్యోగం, శుక్రవారం మేనేజరు ముందు లెక్క తేలకపోతే ఊడిపోతుంది. ఎవరైనా "ఎంతవరకొచ్చింది?" అని అడుగుతారని భయపడి క్యాంటీనుకి వెళ్ళడం కూడా మానేసింది.

రోజూ మూడింటికి సగం సారు ఒక బన్ను పట్టుకుని ఆమె బల్ల దగ్గరికొచ్చేవారు. బన్నుని రెండు చేసి, కిటికీ వెలుతురులో పెట్టి చూసేవారు.

"నడుమ కాలలేదు. నాకొద్దు."

రెండు ముక్కలూ ఆమె నోటుబుక్కు మీదే పడేసి వెళ్ళిపోయేవారు. ఇన్ని బల్లలుండగా ఈయనకి నా బల్లే చెత్తబుట్టలా కనపడిందా అని ఆమెకి ఒళ్ళు మండేది. ఆకలికి ఆగలేక తినేది. తింటూ చూస్తే నడుమ శుభ్రంగానే కాలి ఉండేది.

పదో రోజు ఆయన చూపు ఆమె ట్రేలోని గుళికల మీద పడింది. తెల్లగా లోపలికెళ్ళి, గ్యాసు తగిలి నల్లబడి, గొట్టంలోంచి అప్పుడే బయటికొచ్చిన గుళికలు.

"సార్, ముట్టుకోకండి. ఇంకా తూకం వెయ్యలేదు..."

టప్‌మంది. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

"తర్వాత తిడుదువుగాని, ముందు ఇది చూడు," అన్నారాయన. గుళిక అంచు బొగ్గులా ఉంది, నడుమ సున్నంలా తెల్లగా ఉంది.

"లోపలిదాకా చేరలేదు అంటారు, అంతేగా?"

"నిజంగానే చేరలేదమ్మాయ్. గ్యాసంతా పైతొక్కలోనే మారిపోతోంది. నడిమికి చేరడానికి ఏమీ మిగలట్లేదు. నీ మందు మంచిదే. దాన్లో సగానికి పైగా సెలవులో ఉంది, అంతే."

"అయితే పొడే నింపేస్తాను."

"నింపు. గొట్టం బిగుసుకుపోయి గ్యాసు అడుగు కూడా ముందుకెయ్యదు."

ఆమె ఆ తెల్లటి నడిమినే చూస్తూ కూర్చుంది. మెళ్ళో పూసల దండని వేళ్ళతో తిప్పుతూ తిప్పుతూ చటుక్కున ఆగిపోయింది. "పూసలా కన్నం పెడితే?"

"నన్నడుగుతావేం? ఒత్తి చూడు."

శుక్రవారం నాటికి కన్నం గుళికలు మూడింట రెండు వంతుల పని చేశాయి. మేనేజరు కాగితాలు తిరగేసి, "బాగానే ఉంది. కానీ ఇంత చిన్న విషయానికి పన్నెండు రోజులా?" అన్నాడు.

పక్కనే ఉన్న సగం సారు జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి, అందులోని సగం గుళికని బల్ల మీద పెట్టారు. దాని అంచూ నలుపే, నడుమా తెలుపే.

"ఇది నేను చేరిన ఏడాదిది. మందు మంచిది కాదనుకుని ఏడు రకాలు మార్చాను. విరిచి చూడమని చెప్పిన నాథుడు లేడు. నాకు ఎనిమిది నెలలు పట్టింది."

"సారే విరిచి చూపించారండి," అందామె.

"విరవడం నాకు జబ్బు. కన్నం ఆలోచన ఈవిడదే."

మేనేజరు డబ్బా వంకా ఆమె వంకా చూసి సంతకం పెట్టాడు.

ఆమె సంబరంగా క్యాంటీను నడిపే పిన్ని దగ్గరికి పరిగెత్తింది. "పిన్నీ, ఒక బన్నివ్వు. సగం సారుకి."

"ఆయనకా? పదేళ్ళుగా షుగరు, బన్ను ముట్టరు. భోజనానికి ఎవరు రాలేదో నన్నడిగి వాళ్ళకి పట్టుకెళ్తారు."

"మరి నడుమ కాలలేదంటారు?"

"ఊరికే ఇస్తే మొహమాటపడి వద్దంటారట, పనికిరాదని పడేస్తే తింటారట. ఆయన ధర్మమా అని నా బన్నుల పరువు పోయింది," అంది పిన్ని. ఆ మాటలో కోపం మాత్రం లేదు.

మూడింటికి ఆమె ఒక కీరకాయతో సగం సారు బల్ల దగ్గరికెళ్ళింది. రెండుగా విరిచి, వెలుతురులో పెట్టి చూసింది.

"నడుమ చేదు సార్. నాకొద్దు."

ముక్కలు ఆయన కాగితాల మీద పడేసి వచ్చేసింది. ఆయన ఒక ముక్క కొరికారు. నమిలారు. రెండోదీ కొరికారు.

"అమ్మాయ్, నడుమ బాగానే ఉందే," అన్నారు. ఆ తర్వాత ఏదో తట్టినట్టు క్యాంటీను వైపు గుర్రుగా చూశారు.

ఇరవై ఆరేళ్ళలో ఆయన చేతిలో పాసైంది ఆ కీరకాయ ఒక్కటే. ఆమె కన్నం గుళికలు ఇంకా పాసవలేదు.