గంజి చొక్కాలు

పామర్రు నేతగాళ్ళ ఫుట్‌బాల్ జట్టు బెజవాడలో ఒక్కసారీ గెలవలేదు. యుద్ధం ముగిసిన ఏడు, ఈసారైనా గెలవాలని జట్టును నడిపే కోటిలింగం కంట్రోలు రేషనులో తన వాటాకు వచ్చిన నూలంతా పెట్టి జట్టు చొక్కాలకు గుడ్డ నేశాడు. గంజి పోయేలా ఒకసారి ఉతుకుదామని భార్య చౌడేశ్వరి అంటే, కొత్తబట్ట తడిపితే అచ్చిరాదని కసిరాడు. అంచులకు పసుపు పెట్టించి అలాగే తొడిగించాడు.

సగం ఆటదాకా రెండు జట్లూ సమానంగానే ఉన్నాయి. అంతలో వాన పడింది. గంజి కరిగి చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. గోల్‌కీపరు వెంకటప్పయ్య చేతులెత్తేలోపే బంతి తల మీదుగా గోల్లోకి వెళ్ళిపోయింది.

"గంజి కారుతోందిరోయ్, ఉప్పేసుకు తాగండి," అని బెజవాడ వన్ టౌన్ కుర్రాళ్ళు ఈలలు వేశారు. కోటిలింగం వాళ్ళ మీదికి గొడుగెత్తాడు. ఓడి ఇంటికి వస్తూ దారి పొడుగునా వాననూ రిఫరీనీ తిట్టాడు.

ఇంట్లో చౌడేశ్వరి తుండుగుడ్డ అందించి తన పనిలో పడింది. అతనికి ఒళ్ళు మండింది.

"ఉతకమని ముందే చెప్పానుగా అని అనవేం? నోరు పడిపోయిందా?"

"మీరే అంటున్నారుగా."

చొక్కాలన్నీ మూటగట్టి కాలవకు పోయాడు. బెజవాడ మొత్తాన్ని తిట్టిపోస్తూ ఒక్కొక్క చొక్కానూ బండకేసి బాదాడు. వెనకే వచ్చిన చౌడేశ్వరి, "ఇక ఆ జట్టును వదిలెయ్యరాదుటండీ?" అంది.

"వదిలేస్తే ఆదివారం ఆటకు ఏం తొడుక్కుంటారే వాళ్ళు?" అని ఆమె మీద విరుచుకుపడ్డాడు.