మైలేజీ ఎంత చూపిస్తోంది

ఆదివారం అందరికీ సెలవు. మాకు మాత్రం రేపల్లె. మా ఆయన అక్కగారు అక్కడ ఉంటారు. చిన్నప్పుడే తల్లి పోతే ఆయన్ని సాకింది ఆవిడే. అందుకని తెనాలిలో కాపురం పెట్టిన నాటినుంచీ ఆదివారం భోజనం రేపల్లెలోనే. మిగతా ఆరు రోజులూ నేను రైలెక్కి బాపట్ల ఆఫీసుకు వెళ్లి వస్తాను. ఏడో రోజన్నా కాళ్లు చాపుకుని పడుకోవాలని ఉంటుంది. ఉండి ఏం లాభం, ఎనిమిదిన్నరకల్లా కారులో కూర్చోవాల్సిందే.

పోయిన ఏడాది ఆ ప్రయాణం నాకు పెద్ద శిక్ష అయిపోయింది. మా ఆయనకు మైలేజీ పిచ్చి పట్టింది.

ఆయన ఒక ఎరువుల కంపెనీలో ముప్ఫై ఏళ్లు పనిచేశారు. పనంతా కారులోనే. అమృతలూరు, పిట్టలవానిపాలెం, వేటపాలెం, ఈ పక్క రోడ్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఏ మలుపు తర్వాత ఏ గుంట ఉందో పడుకుని కూడా చెప్పగలరు. కంపెనీ వాళ్లు ఇక్కడి బ్రాంచి ఎత్తేశాక ఇంట్లో కూర్చున్నారు. నాలుగు రోజులు పేపరు చదివారు, నాలుగు రోజులు వంటింట్లోకి వచ్చి నా పోపు మీద వ్యాఖ్యానం చేశారు. ఆ తర్వాత ఆయనకు మిగిలింది ఆ స్టీరింగు ఒక్కటే. దాన్ని ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవారు కాదు. పదేళ్ల కిందట నేనూ లైసెన్సు తీసుకున్నాను. వారం రోజులు పక్కన కూర్చుని "క్లచ్ మీద కాలు తియ్యి" అని ఎన్నిసార్లు అన్నారో ఆయనకే తెలియాలి. ఎనిమిదో రోజు తాళాలు ఆయన చేతిలో పెట్టి, ఆ పుణ్యమేదో మీరే కట్టుకోండి అనేశాను. మళ్లీ ఆ సీట్లో కూర్చోలేదు.

ఇక మైలేజీ సంగతి. మొదట డిక్కీ ఖాళీ చేశారు. గొడుగు, చాప, పాత చెప్పులు, ఎప్పటిదో తాటిబెల్లం డబ్బా, అన్నీ వరండాలోకి వచ్చాయి. బరువు తగ్గితే పెట్రోలు తగ్గుతుందట. శనివారం శనివారం టైర్లలో గాలి కొట్టించేవారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఏసీ బంద్. సరే కిటికీ దింపుదామంటే గాలి లోపలికి కొడితే బండికి అడ్డమట, అదీ పెట్రోలు తాగుతుందట. వేలెడంత సందు వదిలేవారు. మే నెలలో ఆ సందు దగ్గర మొహం పెట్టుకుని రేపల్లె దాకా వెళ్లేదాన్ని.

వేగం నలభై అయిదు దాటేది కాదు. సైకిళ్లు తప్ప అన్నీ మమ్మల్ని దాటుకుపోయేవి. ముందు ఏదైనా వరిగడ్డి ట్రాక్టరు దొరికిందంటే ఆయనకు ప్రాణం లేచొచ్చేది. దాని వెనకే, ఆ గడ్డిపరకలు అద్దం మీద పడుతుంటే, చెరుకుపల్లి దాకా అలాగే.

"దాటెయ్యండి, రోడ్డంతా ఖాళీయేగా" అనేదాన్ని.

"ముందు బండి ఉంటే మనకి గాలి తగలదు. మైలేజీ వస్తది."

"వచ్చి ఏం చేసుకుంటామండీ, ఊరేగిద్దామా?"

ఆయన నవ్వేవారు కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. పైగా ప్రతి పది నిమిషాలకీ నన్ను అడిగేవారు, "ఎంత చూపిస్తోందో చూడు." స్టీరింగు వెనక చిన్న గాజుపలకలో లీటరుకు ఎన్ని కిలోమీటర్లో అంకెల్లో పడుతుంది. నేను మెడ సాగదీసి చదవాలి. పదహారు. పదిహేడు. ఒక్కోసారి పద్దెనిమిది. ఆయన ఎదురుగా ఉన్న అంకెను నాచేత చదివించడం, నా నోటితో ఒప్పించడానికే అనుకున్నాను. చూశావా, నా పద్ధతే కరెక్టు అని. నాకు ఒళ్లు మండిపోయేది. మండినా చదివేదాన్ని. వాదించే ఓపిక లేక.

బాపట్లలో మా ఆఫీసు స్నేహితురాలి కూతురి పెళ్లి జరిగింది. ఇరవై ఏళ్ల స్నేహం. సాయంత్రం రిసెప్షన్‌కి నేను పట్టుచీర తీసుకెళ్లి వాళ్లింట్లో మార్చుకుందామని పెట్టుకున్నాను. నాలుగు కొట్టేసరికి ఆయన తాళాలు ఆడిస్తూ పందిరి బయట నిలబడ్డారు. బయల్దేరదాం అన్నారు. ఎందుకంటే చీకటి పడితే లైట్లు వెయ్యాలి, లైట్లు వేస్తే పెట్రోలు ఎక్కువ కాలుతుందట. మా స్నేహితురాలు "అన్నయ్యగారూ, ఒక్క రెండు గంటలండీ" అని బతిమాలింది. ఆయన తల దించుకుని "లేదమ్మా, వెళ్లాలమ్మా" అన్నారు. సంచీలో మడత విప్పని చీర పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఇంత పిసినారి మనిషితోనా నేను ఇన్నేళ్లు కాపురం చేసింది అని నిజంగానే అనుకున్నాను. ఆ రాత్రి అన్నం పెట్టి "తినండి, ఉప్పు కూడా తక్కువే వేశాను, మిగుల్తుంది" అన్నాను. ఆయన తిన్నారు.

ఆ తర్వాత కోతలయ్యాయి. మా వైపు కోతలైతే సగం రోడ్డు రైతులదే. ధాన్యం తారు మీద పలచగా పోసి, చుట్టూ రాళ్లు పేర్చి, ముందువైపు ఒక కర్రకు ఎర్రగుడ్డ కడతారు. బళ్లు మిగతా సగంలో సర్దుకుని పోవాలి. అది ఇక్కడ అందరికీ తెలిసిన మర్యాదే.

ఆ ఆదివారం అమృతలూరు దాటాం. మంచి ఎండ. రోడ్డు మీద ఎవరూ లేరు, ముందు ట్రాక్టరు కూడా లేదు. నేను కళ్లు మూసుకుని వెనక్కి వాలాను. ఉన్నట్టుండి కింద దడదడమని చప్పుడైంది. లేచి చూస్తే కారు రాళ్లను నెట్టుకుంటూ ధాన్యంలోకి వెళ్లిపోయింది. ఎర్రగుడ్డ కర్ర బంపరు కింద పడి ఉంది.

గట్టు మీద తాటాకు నీడన కూర్చున్న ఒకావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. ధాన్యం ఆవిడదే.

"ఏంటి బాబాయ్ ఇది. రాళ్లు పెట్టాం, ఎర్రగుడ్డ కట్టాం. పట్టపగలు కనపళ్లేదా మీకు?"

ఆయన దిగి నిలబడ్డారు. ఏదో ఒక సాకు చెబుతారనుకున్నాను. ముప్ఫై ఏళ్లలో బండికి గీత పడనివ్వని మనిషి, తప్పు రోడ్డు మీదకో రాళ్ల మీదకో నెట్టేస్తారనుకున్నాను.

"లేదమ్మా" అన్నారు. "నాకు కనపళ్లేదు."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆవిడకూ అర్థమైనట్టుంది. తిట్టడానికి తెరిచిన నోరు మూసేసింది. "సర్లెండి, కూకోండి బాబాయ్" అని చీపురు తెచ్చి ధాన్యం వెనక్కి ఊడవడం మొదలుపెట్టింది. నేనూ కొంగు దోపుకుని చెదిరిన రాళ్లు ఏరి పేర్చాను. ఆయన గట్టు మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

రాళ్లన్నీ సర్దాక వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏడాదవుతోంది. షుగరు కళ్ల మీద పడిందన్నాడు డాక్టరు. ఎదురుగా ఉన్నది మసకగా ఉంటది. చీకట్లో అసలు తెలీదు."

"బండి నడపొద్దనలేదా?"

"అన్నాడు."

"మరి ఈ మైలేజీ అంతా?"

"మైలేజీ కూడా వచ్చిందిగా" అన్నారు.

ఒక్కొక్కటిగా అన్నీ గుర్తొచ్చాయి. నలభై అయిదు. ట్రాక్టరు వెనక ప్రయాణం. నాలుగింటికే పెళ్లిపందిరి వదలడం. నాచేత అంకెలు చదివించడం. ఏడాదిపాటు ఆయన నడిపింది కళ్లతో కాదు, జ్ఞాపకంతో. గుంటలు ఆయనకు గుర్తున్నాయి. ధాన్యం ఏ రోజు ఎక్కడ పోస్తారో ఎలా గుర్తుంటుంది? నాకు జాలి కంటే ముందు కోపం వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆ ధాన్యం మధ్యలో ఆవిడ కాళ్లతో తిరగేస్తూ ఉండి ఉంటే? ఆ మాటే పైకి అన్నాను. "నేనూ అదే అనుకుంటున్నా" అన్నారు. అక్కడితో ఆపేశాను. నా ఉప్పు మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. తాళాలు ఇమ్మని చెయ్యి చాపాను. ఇచ్చేశారు. అంత తేలిగ్గా ఇచ్చేయడం చూసి నాకు ఏడుపొచ్చింది.

పదేళ్ల తర్వాత ఆ సీట్లో కూర్చున్నాను. రెండో గేరు దాటకుండా, బండి మూలుగుతుంటే, ఒంటిగంటకు రేపల్లె చేరాం. వదినగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను స్టీరింగు దగ్గర్నుంచి దిగడం చూసి, "ఏంటమ్మాయ్, నువ్వు నడిపావా? వాడికేమైంది?" అన్నారు. ఆయన నా వంక చూశారు. సరిగ్గా నా వంక కాదు, నేనున్న వైపు.

"ఏం లేదు వదినా. నేను నడిపితే మైలేజీ బాగా వస్తోందట" అన్నాను.

ఇప్పుడు నెలకొకసారి గుంటూరు వెళ్లి కంట్లో ఇంజెక్షన్ వేయించుకుంటున్నారు. ఉన్న చూపు నిలబడితే అదే ఎక్కువని డాక్టరు మాట. నాకు ఆరు రోజులు రైలు, ఏడో రోజు స్టీరింగు. ఒళ్లు పులిసిపోతోంది. ఏసీ మాత్రం వేస్తున్నాను.

మొన్న ఆదివారం తిరిగొస్తుంటే పక్క సీట్లోంచి అడిగారు, "ఎంత చూపిస్తోంది?"

చూశాను. పదమూడు.

"పదిహేడండి" అన్నాను.

"అబద్ధం. ఇంజను చప్పుడు వింటున్నాగా. పదమూడు దాటదు" అన్నారు, కళ్లు మూసుకునే. "క్లచ్ మీద కాలు తియ్యి."

తీశాను.